తొమ్మిది రోజుల ఇన్‌చార్జి

ఢిల్లీలో కేంద్ర న్యాయశాఖలో నాది రెండో స్థానం. నా పైన సెక్రటరీ గారు ఒక్కరే ఉండేవారు. ఆ మాట మా ఊళ్లో చెబితే "అంటే జడ్జీలకే జడ్జివన్నమాట" అనేవారు. కాదని చెప్పినా వినేవారు కాదు. నేను ఏ తీర్పూ ఇచ్చేదాన్ని కాదు. ఏ కోర్టు ఎక్కడ పెట్టాలి, ఎన్నాళ్లు నడపాలి, దానికి మనుషులెవరు అన్న కాగితాలు నా బల్ల మీదుగా వెళ్లేవి, అంతే. కింది వాళ్లు రాసింది చదివి, దిద్ది, నా అభిప్రాయం చేర్చి పైకి పంపేదాన్ని. సెక్రటరీ గారు సరేనంటే పని జరిగేది. "మాట్లాడదాం" అని రాశారంటే ఆగిపోయేది.

ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి తెలియాల్సింది ఒకటే. పైవాళ్లు ఏమంటారో ముందే పసిగట్టి అదే రాయడం. నాకది బాగా అబ్బింది. అబ్బబట్టే అంతదాకా వెళ్లాను. మాది గౌతమి పాయ మీద చేపలు పట్టుకుని బతికే కుటుంబం. నాన్నకి సంతకం రాదు. ఆయన కూతురు అంత పెద్ద ఆఫీసులో కూర్చుందంటే అది దేవుడి దయ అనుకునేవారు మావాళ్లు. నేను మాత్రం నా జాగ్రత్త అనుకునేదాన్ని. ఎక్కడా మాట పడకుండా, ఎవరి వేలూ నా వైపు తిరగకుండా ఇంతదూరం వచ్చానని నాకు లోపల్లోపల గర్వం.

మా పెద్దమ్మకి ఒక కూతురు. నాకంటే మూడేళ్లు పెద్ద. నాకు సొంత అక్క లేదు, తనే అక్క. నా అయిదో తరగతి దాకా ఇద్దరం ఒకే పడవలో రేవు దాటి స్కూలుకి వెళ్లాం. ఆ తరవాత పెద్దమ్మకి మోకాళ్లు పట్టేస్తే అక్క బడి మానేసి చేపల గంప ఎత్తుకుంది. నేను రాజమండ్రిలో హాస్టల్లో ఉండి చదువుకున్నాను. సెలవులకి వస్తే అక్క నా పుస్తకాలు తిరగేసి "ఇందులో ఉన్నయ్యన్నీ నీ బుర్రలోకి ఎక్కేసేయా?" అని నవ్వేది. ఆ నవ్వులో ఈర్ష్య ఏమాత్రం ఉండేది కాదు. నాకిప్పటికీ అది ఆశ్చర్యమే.

అక్కని చేసుకున్న బావ నెమ్మదస్తుడు. వల, పడవ, ఇల్లు తప్ప వేరే లోకం లేదు. మా పాయలోకి ఇసుక తవ్వే పడవలు వచ్చాక ఆ నెమ్మది పోయింది. ఆ యంత్రాల కింద పడి రెండుసార్లు వల చిరిగిపోయింది. మూడోసారి తన పడవని వాళ్లదానికి అడ్డం పెట్టి వాళ్లతో గొడవకి దిగాడు. ముగ్గురు కలిసి గెడకర్రలతో కొట్టారు. మధ్యాహ్నం పూట, నది మధ్యలో. నీళ్లలో పడిన మనిషి మళ్లీ లేవలేదు. మర్నాడు లంక చివర శవం దొరికింది.

చూసినవాడు ఒక్కడే ఉన్నాడు. రెల్లు పక్కన పడవ ఆపుకుని చుట్ట కాల్చుకుంటున్న ముసలి తాత. అప్పటికే డెబ్భై దాటాయి. ఎవరికీ చుట్టం కాడు. పోలీసులు అడిగితే చూసింది చూసినట్టు చెప్పాడు. ఊళ్లో కొందరు వద్దన్నారు, ఇసుక వాళ్లు ఇంటికొచ్చి బెదిరించారు. "నాకింక ఎన్నేళ్లున్నాయి గనక భయపడ్డానికి" అన్నాడట.

కేసు ఏళ్ల తరబడి నలిగింది. చివరికి మా డివిజన్ టౌనులో ఉన్న ప్రత్యేక కోర్టుకి మార్చారు. పాత కేసులు త్వరగా తేల్చడానికి గడువు పెట్టి నడిపే కోర్టులవి. గడువు అయ్యేసరికి మళ్లీ పొడిగిస్తూ ఉండాలి. పొడిగించే శాఖ మాదే. బావ కేసు అక్కడికి వెళ్లడం నేను అడిగి చేయించింది కాదు, దానంతట అది జరిగింది. ఆ కేసు గురించి ఎక్కడా ఒక్క మాట కూడా అనకూడదని మొదట్నించీ ఒట్టు పెట్టుకున్నాను. అక్క కూడా ఎప్పుడూ అడగలేదు.

ఆ కోర్టులో తాత సాక్ష్యం మొదలైంది. ప్రభుత్వం తరఫు లాయరు అడిగినవాటికి ఒక పూటంతా నిలబడి జవాబు చెప్పాడట. అక్క ఫోన్ చేసింది. "ఎంత బాగా చెప్పేడనుకున్నావే! ఎవడు ఏ కర్ర అట్టుకున్నాడో కూడా చెప్పేసేడు. జడ్జీగారు ఆడమనిషి. తాతకి కుర్చీ యేయించింది." అన్నేళ్లలో అక్క గొంతులో సంతోషం వినడం అదే మొదలు. ఇక ముద్దాయిల లాయరు తాతని ప్రశ్నించడం ఒక్కటే మిగిలింది. దానికి పై నెలలో వాయిదా వేశారు. ఆ ప్రశ్నలు కూడా పూర్తయితేనే సాక్ష్యం సాక్ష్యంగా నిలబడుతుంది. లేకపోతే చెప్పిందంతా గాలికి పోయినట్టే.

ఆ కోర్టుల గడువు మాత్రం ఈ నెలాఖరుకే అయిపోతుంది.

సరిగ్గా ఆ నెల చివర్లో సెక్రటరీ గారు ఏదో సదస్సుకి విదేశం వెళ్లారు. తొమ్మిది రోజులు నన్ను ఇన్‌చార్జిగా పెడుతూ ఆర్డరు ఇచ్చారు. అందులో రోజువారీ పనులూ, అత్యవసరమైనవీ నేను చూడవచ్చని ఉంది. ఏది అత్యవసరమో రాయలేదు. అది ఎవరూ రాయరు.

నాలుగో రోజుకి పొడిగింపు ఫైలు నా దగ్గరికి వచ్చింది. ఆర్థికశాఖ ఒప్పుకున్న కాగితం కూడా జత చేసి ఉంది. రాష్ట్రాలకి, హైకోర్టులకి ఒక ఉత్తరం వెళ్తే చాలు. తెచ్చిన సెక్షన్ ఆఫీసరు మలయాళీ, మితభాషి. "మేడమ్, మీరు సంతకం పెడితే ఇవాళే పంపించేస్తాను" అన్నాడు.

నేను సెక్రటరీ గారికి ఫోన్ చేశాను. విషయం చెప్పాను.

"నేను వచ్చాక చూద్దాం. మంత్రిగారు దీన్ని తానే ప్రకటిస్తే బాగుంటుందనుకుంటున్నారు" అన్నారాయన.

"ఈలోగా గడువు దాటిపోతుందండి."

"దాటితే ఏమైంది? పాత తేదీ నుంచే పొడిగిస్తూ ఆర్డరు ఇస్తాం. ఇంతకు ముందు ఇవ్వలేదా?"

"కోర్టుల్లో సిబ్బందిని వెనక్కి పంపేస్తారేమోనండి. కేసులు మధ్యలో ఉంటాయి."

ఆయన చాలా మర్యాదగా అన్నారు. "చూడండి, మీరు ఇన్‌చార్జి. అత్యవసరం అనిపిస్తే పెట్టొచ్చు. నేను అడ్డు చెప్పను. నేనైతే మాత్రం ఆగుతాను."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆలోచించాను. అంతకాలం ఆయన మనసులో ఉన్నదాన్నే రాస్తూ వచ్చినదాన్ని. ఆ రోజు మాత్రం ఎందుకో ధైర్యం వచ్చింది. ఇది నిజంగా అత్యవసరమే. నేను చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు అనిపించింది. ఆ క్షణంలో బావ కేసు నా మనసులో లేదని ప్రమాణం చేసి చెప్పలేను. కానీ దేశం మొత్తం మీద అలాంటి కోర్టులు ఎన్ని ఉన్నాయో, ఎంతమంది తాతలు వాయిదాల కోసం చూస్తున్నారో అదీ మనసులో ఉంది. ఫైలు దగ్గరికి లాక్కున్నాను. "అత్యవసరం. మూడు నెలలకి తాత్కాలికంగా పొడిగించవచ్చు" అని నోట్‌లో పెన్సిలుతో రాసుకున్నాను. ఉత్తరం తీసి కలం మూత విప్పాను.

సెల్‌ఫోన్ మోగింది. అక్క.

"మన కోర్టు ఎత్తేత్తారంట కదే. లాయరు గారి గుమాస్తా చెప్పేడు. నిజమేనా?"

"లేదులే అక్కా. పొడిగిస్తారు."

"నీ చేతిలో పనే కదంట? ఆ గుమాస్తాయే అన్నాడు, మీ చెల్లెలుగారి ఆఫీసులోనే ఉందండీ కాగితం అని. నేనెప్పుడూ నిన్ను ఏదీ అడగలేదు కదా. ఇదొక్కటీ చూడవే. తాతకి దగ్గు ఎక్కువైపోతంది."

"అక్కా, ఇలాంటివి ఫోన్లో మాట్లాడకూడదు. నేను ఆఫీసులో ఉన్నాను."

"సరే సరే, పెట్టేత్తన్నా. ఏమీ అనుకోకు."

అంతే. నిమిషం కూడా మాట్లాడలేదు.

ఫోన్ బల్ల మీద పెట్టాను. చేతిలో కలం అలాగే ఉంది. మా ఊరి గుమాస్తాకి కూడా తెలుసు, ఈ కాగితం నా దగ్గర ఉందని. ముద్దాయిల లాయరుకి తెలియదా? ఇప్పుడు నేను పెడితే, సెక్రటరీ గారు ఆగమన్న ఫైలు మీద సంతకం పడిందని, దానికి ముందు కేసులో ఉన్న మా అక్క నాకు ఫోన్ చేసిందని తేలుతుంది. ఎవరైనా తవ్వితే కనిపించేది ఇదే. మా పక్క శాఖలో ఒకాయన తన బావమరిది ఫైలు విషయంలో విచారణకి దొరికిపోయి, తప్పు లేకపోయినా రెండేళ్లు జవాబులు రాసుకుంటూ కూర్చున్నాడు. ఆయన మొహం గుర్తొచ్చింది.

అక్క ఫోన్ చేయకపోయి ఉంటే పెట్టేదాన్ని. ఇది నాకు ఖాయంగా తెలుసు.

కలం మూత పెట్టేశాను. నోట్‌లో పెన్సిలు రాతని చెరిపేశాను. సెక్షన్ ఆఫీసరుని పిలిచి, "సెక్రటరీ గారు వచ్చాక పెట్టండి" అన్నాను.

"మేడమ్, గడువు..."

"పాత తేదీ నుంచి పొడిగించవచ్చు కదా" అన్నాను. అవి నా మాటలు కావు, నా నోట్లోంచి మాత్రం తడబడకుండా వచ్చాయి. ఆయన ఫైలు తీసుకుని వెళ్లిపోయాడు. నేను నిజాయితీగా ఉన్నానని ఆ సాయంత్రం దాకా నాకు నేను చెప్పుకున్నాను. కాదు, భయపడ్డానంతే.

గడువు దాటిన మర్నాడే హైకోర్టు ఆ జడ్జీగారిని వేరే జిల్లాకి వేసింది. సిబ్బందిని ఎక్కడివాళ్లని అక్కడికి పంపేశారు. కేసుల కట్టలు గుడ్డల్లో మూటగట్టి రాజమండ్రి సెషన్స్ కోర్టుకి చేర్చారు. ఆరు వారాలకి మంత్రిగారు పొడిగింపు ప్రకటించారు. పాత తేదీ నుంచే అమలైనట్టు ఆర్డరు వెళ్లింది. ఆ ఉత్తరం మీద సెక్రటరీ గారి తరఫున సంతకం పెట్టింది నేనే. కాగితం ప్రకారం ఆ కోర్టు ఒక్కరోజు కూడా ఆగలేదు. మా టౌనులో కోర్టు మళ్లీ తెరిచారు, కొత్త జడ్జి వచ్చారు. రాజమండ్రి వెళ్లిన కేసులు మాత్రం తిరిగి రాలేదు.

ఆ తరవాత మూడు నెలలకి సెలవు మీద వచ్చాను. అక్కకి తోడుగా వాయిదాకి వెళ్లాను. కోర్టు వరండాలో బెంచీ మీద తాత కూర్చుని ఉన్నాడు. పొద్దున్నే లేచి రేవు దాటి, రెండు బస్సులు మారి, ఆటో ఎక్కి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. మాట మధ్యలో దగ్గు వస్తే అది ఆగేదాకా అందరం నేల చూపులు చూస్తున్నాం.

అప్పటికి అది రెండో వాయిదా. మొదటిసారి జడ్జిగారు సెలవట. ఈసారి పేర్లు పిలిచాక లోపలికి వెళ్లాం. ముద్దాయిల తరఫు జూనియర్ లాయరు లేచి, సీనియర్ గారు వేరే కోర్టులో ఉన్నారండీ, టైము కావాలండీ అన్నాడు. జడ్జిగారి ముందు ఆ రోజు లిస్టు బారెడు ఉంది. ఆయన తల ఎత్తకుండానే నెల రోజులు ఇచ్చారు. అంతా రెండు నిమిషాల్లో అయిపోయింది. బోనెక్కుదామని కర్ర పక్కన పెట్టి లేచిన తాతని బంట్రోతు చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చాడు.

జడ్జిగారి మీద నాకు కోపం రాలేదు. అన్ని కేసులు ఆయన బల్ల మీదికి ఎలా వచ్చి పడ్డాయో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు.

వరండాలో తాత నన్ను పరకాయించి చూశాడు. "అమ్మా, నువ్వు ఢిల్లీలో ఈ కోర్టుల ఆపీసులోనే కదా?"

"అవును తాతా."

"ఈళ్లకి ఓ మాట చెప్పమ్మా. ఆళ్లు అడగాల్సింది ఏదో అడిగేసుకోమను. నేను చూసిందే చెబుతా. మళ్లీ నెల అంటే ఉంటానో ఉండనో."

"చెప్తాను తాతా" అన్నాను. ఎవరికి చెప్పాలో, ఏమని చెప్పాలో నాకు తెలియదు. అక్క గ్లాసులో టీ తెచ్చి తాతకి ఇచ్చింది. చెయ్యి వణికి సగం పంచె మీద ఒలికింది. దాన్ని అక్క తన కొంగుతో తుడిచింది.

తరవాతి వాయిదాకి లాయర్లు పని మానేసి సమ్మెలో ఉన్నారు. దాని తరవాతి వాయిదాకి తాత లేడు. రాజమండ్రి పెద్దాసుపత్రిలో పదకొండు రోజులుండి పోయాడు. అక్కే దగ్గరుండి చూసుకుంది. చివరి రోజుల్లో కూడా కర్రలు పట్టుకున్న ముగ్గురి గురించి నర్సుకి చెబుతూ ఉండేవాడట.

కేసు కొట్టేశారు. సాక్షిని అవతలి పక్షం ప్రశ్నించనే లేదు కాబట్టి అతని మాట మీద శిక్ష వేయడం కుదరదని తీర్పులో రాశారు. నేను తెప్పించుకుని చదివాను. చట్టప్రకారం సరైన తీర్పే. నేనే జడ్జినైనా అలాగే రాసేదాన్ని. ఫోన్లో అక్క "అయిపోయిందే" అంది. ఏడవలేదు. అప్పీలుకి వెళ్దామంటే, "ఎవరొచ్చి చెబుతారే ఇప్పుడు?" అంది.

నాకేమీ కాలేదు. ఇంకో రెండేళ్లు అదే కుర్చీలో పనిచేసి, శాలువా కప్పించుకుని రిటైరయ్యాను. వీడ్కోలు సభలో సెక్రటరీ గారు "ఈవిడ మీద ఒక్క మచ్చ లేదు" అన్నారు. చప్పట్లు కొట్టారు. నేను కూడా అందరికీ నమస్కారం పెట్టాను.

రాజమండ్రిలో ఇల్లు తీసుకున్నాను. అక్క అప్పటికి కడియంలో కూతురి దగ్గర ఉంటోంది. బావ పడవ ఎవరికో ఇచ్చేసింది. కూతురూ అల్లుడూ నర్సరీలో పనిచేస్తారు, అక్క కూడా వాళ్లతో పాటే పనికి వెళ్తోంది. చేపల గంప మోసిన మనిషి మొక్కల సంచుల్లో మట్టి నింపుతోంది. నేను వారానికోసారి వెళ్లేదాన్ని. నన్ను చూస్తే పక్కనున్న ఆడవాళ్లకి "మా చెల్లి. ఢిల్లీలో కోర్టులన్నీ ఈవిడే చూసేది" అని చెప్పేది. అలా అన్నప్పుడల్లా నేను మాట మార్చేసేదాన్ని.

ఒకరోజు చెప్పేశాను. ఉదయం పది అయి ఉంటుంది. మొక్కలకి ఎండ తగలకుండా కట్టిన వల కింద అక్క పీట వేసుకుని కూర్చుని నల్ల సంచుల్లో మట్టి పోస్తోంది. మిగతావాళ్లు లారీకి మొక్కలు ఎక్కించడానికి వెళ్లారు. నేను పక్కన గోనె మీద కూర్చుని మొదటి నుంచీ చెప్పాను. ఫైలు రావడం, సెక్రటరీ గారు నా ఇష్టానికి వదిలెయ్యడం, కలం తియ్యడం, తన ఫోను రావడం, నేను భయపడడం. ఏదీ దాచలేదు. చెబుతుంటే నా గుండె తేలికవుతున్నట్టే అనిపించింది. ఆ సంగతి రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అలాగే అనిపించింది.

అక్క చేతులు ఆగలేదు. నేను ముగించాక రెండు సంచులు నింపి పక్కన పెట్టింది. అప్పుడు అంది.

"అంటే నేను ఫోను చెయ్యకపోతే నువ్వు సంతకం పెట్టేద్దువు."

"అలా కాదక్కా. తప్పు నాది. నేను భయపడ్డాను."

"భయపడ్డది నా ఫోనుకే కదా." ఆ మాటలో కోపం లేదు. లెక్క సరిచూసుకుంటున్నట్టు అంది. "ఆ గుమాస్తా చెప్పినప్పుడు ఇంటికొచ్చి చాలాసేపు ఆలోచించేనే. అడగాలా వద్దా అని. ఎప్పుడూ అడగలేదు కదా, ఒక్కసారి అడిగితే తప్పేంటిలే అనుకున్నా."

"నీ తప్పేం లేదక్కా."

"తాత కూడా అన్నాడు, ఆ పిల్ల చదువుకున్న పిల్ల, దానికి తెలీదా, నువ్వెందుకు చెప్పడం అని. నేనే ఇన్లేదు."

అక్క మట్టి చేతులు ఒళ్లో పెట్టుకుని నా మొహంలోకి చూసింది.

"ఇన్నాళ్లూ ఆ ముగ్గురి మీదా, కోర్టు మీదా కోపం పెట్టుకుని బతికేనే. అది బానే ఉండేది. నాకెందుకు చెప్పేవే ఇదంతా?"

లారీ దగ్గర్నుంచి ఎవరో పిలిచారు. అక్క లేచి, చీర దులుపుకుని, "భోజనం చేసి వెళ్లు. కూర ఉంది" అని వెళ్లిపోయింది. నేను తినకుండానే వచ్చేశాను.

ఆ తరవాత రెండు వారాలకి అక్క కూతురు ఫోన్ చేసింది. "పిన్నీ, అమ్మ సరిగ్గా తినట్లేదు. నాన్న కేసు నేనే పాడుచేసేను, ఫోను చేసి పాడుచేసేను అంటంది. ఏం ఫోను పిన్నీ? నీకేమైనా తెలుసా?"

ఆటో మాట్లాడుకుని వెంటనే వెళ్లాను. అక్క చేతులు పట్టుకుని, అది నిజం కాదనీ, నేను అబద్ధం చెప్పాననీ, ఫోను వచ్చినా రాకపోయినా నేను పెట్టేదాన్ని కాదనీ చెప్పాను. అక్క ఓపిగ్గా విన్నది.

"అలాగేలేవే" అంది.

ఇప్పటికీ వారం వారం వెళ్తున్నాను. అక్క కూర్చోమంటుంది, మంచినీళ్లిస్తుంది, ఒంట్లో ఎలా ఉందని అడుగుతుంది. పక్కవాళ్లకి నన్ను మా చెల్లి అనే చెబుతుంది. ఢిల్లీ మాట మాత్రం ఎత్తదు. మొన్న కొత్తగా పనిలో చేరినావిడ ఎవరో "మీ చెల్లెలుగారు ఏం చేసేవారండీ?" అని అడిగింది. అక్క సంచీలో మట్టి అదుముతూ, "ఏదో ఆపీసులో చేసేదండి" అంది.